సూర్యుడి తరువాత చంద్రుడు – లువా భాష పుట్టిన కథ

వ్యాకరణం చెప్పుకొని ముప్పయ్యేళ్ళకు పైగా జీతం తీసుకున్నవాణ్ణి. "భాష" అన్న మాట ఎక్కడ వినబడినా అక్కడ ఒక్క క్షణం ఆగడం అలవాటైపోయింది. కంప్యూటరు నిపుణులు తాము యంత్రానికి వ్రాసే ఆదేశాల పద్ధతులను కూడా భాషలనే అంటారు. వాటికీ పదజాలం ఉన్నది, వాక్యనిర్మాణం ఉన్నది, ఒక్క చుక్క తప్పితే తెలుగు పండితుల కన్నా కఠినంగా దండించే పరీక్షకుడూ ఉన్నాడు. వాటి చరిత్రలు మాత్రం ఎక్కువగా ఆ వృత్తివారు తమ కోసమే వ్రాసుకున్నారు. సాహిత్యం చదువుకున్నవాళ్ళం వాటి జోలికి పోము. పోవలసిందేనని నా అభిప్రాయం. అందుకే ఈ టపా.

నేను చెప్పబోయే భాష పేరు లువా. పోర్చుగీసులో లువా అంటే చంద్రుడు. అది పుట్టింది అమెరికాలో కాదు, బ్రెజిల్ దేశంలోని రియో డి జెనీరో నగరంలో, 1993లో. స్వంతంగా కాపురం పెట్టడం కన్నా, వేరొక భాషలో కట్టిన ఇంట్లో అతిథిగా ఉండడానికే దాన్ని పుట్టించారు. అతిథి అన్నానే గానీ, ఆ ఇంటిని అందులో ఉండేవారికి అనుకూలంగా సర్దిపెట్టేది ఆ అతిథే.

ఈ అతిథి మర్యాద ఏమిటో ముందు చెప్పుకోవాలి. మనం వాడే పెద్ద ప్రోగ్రాములు చాలావరకు సీ, సీ ప్లస్ ప్లస్ వంటి భాషలలో వ్రాసి, కంపైల్ చేసి మన చేతికి ఇచ్చినవి. కంపైల్ చేయడమంటే అచ్చువేయడం వంటిది అనుకోండి. కంపోజింగు అయి, ఫారాలు అచ్చుపడి, బైండింగు కూడా పూర్తయి వచ్చిన పుస్తకంలో ఒక పంక్తి మార్చాలంటే మళ్ళీ అచ్చుకూటానికే వెళ్ళాలి. లాభం వేగం. నష్టం మార్పునకు చోటు లేకపోవడం. రెండవ రకం స్క్రిప్టు భాషలు. ఇవి పురాణ కాలక్షేపం వంటివి. పౌరాణికుడు ఒక్కొక్క పద్యమే చదువుతూ అక్కడికక్కడే అర్థం చెబుతాడు. శ్రోత అడిగితే ఇంకొక విధంగా చెబుతాడు. నెమ్మది, కానీ మార్పు సులభం. అచ్చు పుస్తకం లోపల ఒక పౌరాణికుణ్ణి కూర్చోబెట్టగలిగితే ఎట్లా ఉంటుంది? కంపైల్ చేసిన ప్రోగ్రాములో స్క్రిప్టు భాషను పొదగడమంటే అదే. బరువు పనులు అచ్చు భాగం చేస్తుంది. ఏ పని ఎప్పుడు, ఏ వరుసలో చేయాలో పౌరాణికుడు చెబుతాడు. ఆ పౌరాణికుడికి ఏమి చెప్పాలో వాడుకరి చేతిలో ఉంటుంది.

ఈ ఆలోచన లువాతో మొదలు కాలేదు. ఈమాక్స్ అనే పాఠ సంపాదకాన్ని 1978లో బెర్నార్డ్ గ్రీన్‌బర్గ్ మల్టిక్స్ యంత్రాలకోసం లిస్ప్ భాషలో వ్రాశాడు. కొత్త ఆదేశాలు చేర్చుకోదలచినవారు అదే లిస్ప్‌లో చేర్చుకోవచ్చును. ఆ కార్యాలయంలోని సెక్రటరీల సంగతి రిచర్డ్ స్టాల్మన్ 2002లో ఒక ప్రసంగంలో చెప్పాడు. వారు తమకు ప్రోగ్రామింగు రాదని గట్టిగా నమ్మినవారు. అయినా ఎడిటరును తమ అవసరాలకు తగినట్లు మార్చుకోవడం నేర్చేసుకున్నారు. కారణం ఏమిటంటే, వారికి ఇచ్చిన కరదీపికలో ఆ పనిని ప్రోగ్రామింగు అంటారని ఎక్కడా వ్రాయలేదు! ఉపాధ్యాయ శిక్షణలో నేను విన్న బోధనా పద్ధతులన్నింటి కన్నా ఈ ఒక్క ముచ్చట ఎక్కువ చెప్పింది. స్టాల్మన్ తన గ్నూ ఈమాక్స్‌ను 1980లలో రచించినప్పుడు లోపలి గట్టి భాగాన్ని సీ భాషలో కట్టి, పైన లిస్ప్‌ను కూర్చోబెట్టాడు. ఇంజనీర్లు గీతలు గీసుకునే ఆటోక్యాడ్‌లోకి 1986లో ఆటోలిస్ప్ వచ్చింది. ఒకే రకం మెట్లను, కిటికీలను వందసార్లు గీయలేక విసిగిన డ్రాఫ్ట్‌మన్‌లకు అది వరం.

అయితే వీటన్నింటిలో ఒక చిక్కు ఉన్నది. ఎవరి ప్రోగ్రాముకు వారు ఒక చిన్న భాషను కల్పించుకుంటున్నారు. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన జాన్ ఔస్టర్‌హౌట్ ఈ అవస్థను కళ్ళారా చూశాడు. సిలికాన్ చిప్పుల రూపకల్పనకు ఆయనా, ఆయన శిష్యులూ చేసిన పరికరాలు అనేకం. ప్రతిదానికీ వేరే ఆదేశ భాష, ఒక్కటీ సరిగా లేదు. భాషను ఒక్కసారి శ్రద్ధగా చేసి, ఏ ప్రోగ్రాములోనైనా ఇమిడే భాగంగా ఇస్తే సరిపోతుంది కదా అని 1988లో టికిల్ భాషను మొదలుపెట్టాడు. పొదగడానికే పుట్టిన భాషలలో దాని స్థానం పెద్దది. లువా కర్తలు దాన్ని పరిశీలించి, వద్దనుకున్నారు. ఎందుకు వద్దనుకున్నారో తెలియాలంటే మనం బ్రెజిల్ వెళ్ళాలి.

1977 నుంచి 1992 వరకు బ్రెజిల్ తన కంప్యూటరు విపణికి కంచె వేసుకున్నది. విదేశీ యంత్రాలు, విదేశీ ప్రోగ్రాములు తేలికగా లోపలికి రాకూడదు, స్వదేశంలోనే తయారు కావాలి అన్నది నియమం. 1984లో దానికి చట్టమే చేశారు. ఏ సంస్థ అయినా బయటి సాఫ్ట్‌వేరు కొనదలిస్తే, అటువంటిది దేశంలో ఎవరూ చేయలేరని కాగితాల మీద రుజువు చేసుకోవలసి వచ్చేది. ఐబిఎం మన దేశం విడిచి వెళ్ళిన 1978 తరువాతి కాలాన్ని చూసినవారికి ఈ వాతావరణం కొత్త కాదు. కంచెలు మంచివా చెడ్డవా అన్న వాదం అర్థశాస్త్రజ్ఞులకు వదిలేస్తాను. కంచె లోపల ఉన్నవాళ్ళకు తమ పనిముట్లు తామే చేసుకోక తప్పలేదు. వారిలో కొందరు బాగా చేసుకున్నారు.

అటువంటివారిలో ఒకటి టెక్‌గ్రాఫ్. రియోలోని పాంటిఫికల్ కేథలిక్ విశ్వవిద్యాలయంలో 1987లో ఏర్పడిన ఈ బృందం పరిశ్రమలకు ప్రోగ్రాములు వ్రాసిపెట్టేది. వారికి పెద్ద ఆసామి పెట్రోబ్రాస్, అంటే బ్రెజిల్ ప్రభుత్వ చమురు సంస్థ. సముద్రగర్భంలో చమురు ఎక్కడున్నదో, బావి ఎట్లా ప్రవర్తిస్తుందో లెక్కగట్టే పాత ప్రోగ్రాములు అక్కడ ఉండేవి. వాటికి సమాచారం ఇవ్వడం నరకయాతన. అంకెలను గీసిన గళ్ళలో కూర్చినట్లు నిలువు వరుసలుగా ఇవ్వాలి. ఒక అంకె ఒక గడి పక్కకు జరిగితే లెక్క అంతా వృథా. అంకెలు నింపేది ప్రోగ్రామర్లు కాదు, ఇంజనీర్లు, భూగర్భ శాస్త్రజ్ఞులు. వారికోసం తెరమీద బొమ్మలు చూపించి, అడిగి, సరిచూసి, ఆ వరుసలను తయారుచేసే ముంగిలి ప్రోగ్రాములు వ్రాయడం టెక్‌గ్రాఫ్ పని. ప్రతి లెక్కకూ ఒక ముంగిలి కొత్తగా కట్టలేక, ఏ ఏ వివరాలు అడగాలో వర్ణించడానికి 1992 ప్రాంతంలో ఒక చిన్న భాషను చేసుకున్నారు. దాని పేరు డెల్. అదే సమయంలో భూమి పొరల వర్ణచిత్రాలను నివేదికలుగా తయారుచేసే మరొక ప్రోగ్రాముకు, ఏ రాతిపొరను ఎట్లా చూపాలో వాడుకరే చెప్పుకోవడానికి, ఇంకొక భాష చేశారు. దాని పేరు సోల్. పోర్చుగీసులో సోల్ అంటే సూర్యుడు.

ఇక్కడ జరిగిన విషయం నాకు చాలా ఇష్టం. డెల్ కేవలం వర్ణించే భాష. నామవాచకాలూ విశేషణాలూ ఉన్నాయి, క్రియ లేదు. వాడిన ఇంజనీర్లు ఊరుకోలేదు. "ఈ గడిలో ఇంత విలువ ఉంటేనే ఆ గడి అడగాలి" అనే వీలు కావాలన్నారు. షరతులు కావాలన్నారు, పునరావృత్తి కావాలన్నారు. అంటే వారు తమకు తెలియకుండానే ప్రోగ్రామింగు భాషను అడుగుతున్నారు. క్రియ లేని వాక్యాలతో ఎంతకాలమని సరిపెట్టుకుంటారు? 1993 నడుమ రోబెర్తో ఇయెరుసలిమ్‌స్కీ, లూయిస్ హెన్రికె జి ఫిగెయిరెదో, వాల్దెమార్ సెలెస్ అనే ముగ్గురు కూర్చొని ఆలోచించి, డెల్‌నూ సోల్‌నూ కలిపి నిజమైన భాష ఒకటి చేద్దామన్నారు. అప్పటికే ఉన్న భాషలను చూశారు. టికిల్ వాక్యాలు అలవాటు లేనివారికి వింతగా ఉన్నాయి, పైగా అప్పట్లో అది యూనిక్స్ యంత్రాలలోనే నడిచేది. లిస్ప్ కుండలీకరణాలు ఇంజనీర్లకు మింగుడు పడవు. పైథాన్ అప్పటికి పసిబిడ్డ. తమ ఆసామీల వద్ద ఉన్న యంత్రాలేమో రకానికి ఒకటి. కాబట్టి అన్నింటా నడవాలి, చిన్నదిగా ఉండాలి, ప్రోగ్రామరు కానివాడికి అర్థం కావాలి. ఆ సంవత్సరం జూలై నాటికి మొదటి రూపం నడుస్తున్నది. సూర్యుడి తరువాత వచ్చింది కనుక చంద్రుడని ఒక మిత్రుడు పేరు సూచించాడట. లువా పేరు సంక్షిప్తాక్షరాల కూర్పు కాదు, నామవాచకం, దాన్ని అన్నీ పెద్ద అక్షరాలతో వ్రాయవద్దని కర్తలు ఇప్పటికీ వేడుకుంటారు. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లేని మన లిపిలో ఆ అపచారానికి అవకాశమే లేదు.

ఇక పొదిగే పని ఎట్లా జరుగుతుందో చూద్దాం. సీ భాషలో వస్తువులకు రకం ముందే నిర్ణయమై ఉంటుంది. లువాలో అట్లా కాదు, ఒకే పేరు ఇప్పుడు అంకెను, తరువాత మాటను సూచించవచ్చును. సీ భాషలో వాడిన జాగాను వ్రాసినవాడే ఖాళీ చేయాలి. లువాలో ఎవరికీ అక్కరలేని వస్తువులను ఊడ్చివేసే పనిమనిషి లోపలే ఉన్నది. ఇంత భిన్నమైన ఇద్దరు నేరుగా చేతిలో చేయి వేసి వస్తువులు మార్చుకుంటే ప్రమాదం. సీ భాష పట్టుకొని ఉన్న వస్తువును, ఎవరికీ అక్కరలేదనుకొని లువా ఊడ్చివేయవచ్చు. అందుకని రెండిళ్ళ మధ్య ఒక అరుగు కట్టారు. దాన్ని వారు స్టాక్ అంటారు. ఇంటి యజమాని సీ భాష ఒక ప్రమేయాన్ని అరుగుమీద పెడుతుంది, దానిపైన కావలసిన వస్తువులు ఒకదానిమీద ఒకటి పెడుతుంది, "ఇన్ని ఇచ్చాను, ఇన్ని ఫలితాలు కావాలి" అని పిలుస్తుంది. లువా వాటిని తీసుకొని, పని చేసి, ఫలితాలను అదే అరుగుమీద ఉంచుతుంది. అరుగుమీద ఉన్నంతసేపు పనిమనిషి వాటిని ముట్టదు. అడుగునుంచి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టవచ్చు, లేదా పైనుంచి ఋణ సంఖ్యలతో లెక్కపెట్టవచ్చు. ఈ అరుగు రూపం 2000లో వచ్చిన 4.0 కూర్పులో స్థిరపడింది. అంతకుముందు వేరే ఏర్పాట్లు ఉండేవి.

ఎదురు ప్రయాణం కూడా ఉన్నది. యజమాని తన ప్రమేయాలలో కొన్నింటికి పేర్లు పెట్టి లువాకు అప్పగిస్తుంది: "గీత గియ్యి", "ఫైలు తెరువు" వంటివి. అప్పగించినవే లువాకు తెలుసు, మిగతా ఇల్లు దానికి కనబడదు. భోజనాల గది చూపించి, ఇనప్పెట్టె గది తాళం ఇవ్వకపోవడం వంటిది. ఆతిథ్యంలో ఇది ముఖ్యమైన భాగం. దీని సంగతి మళ్ళీ వస్తుంది.

ఇన్ని చేసినా లువా చిన్నదే. 5.4వ కూర్పు మూలం సుమారు 30,000 పంక్తుల సీ భాష. ఆ కూర్పులో లువాకు తనవని చెప్పుకునే నిషిద్ధ పదాలు, అంటే మనం వేరే అర్థంలో వాడకూడని మాటలు, 22 మాత్రమే. వస్తుసంచయానికి ఒకటే సాధనం, దాని పేరు టేబుల్, అంటే పట్టిక. జాబితా కావాలన్నా, నిఘంటువు కావాలన్నా అదే పట్టిక. కొత్త సూత్రం చేర్చమని లోకం ఎంత అడిగినా, ఉన్న సూత్రాలతో సాధ్యమైతే చేర్చకపోవడం వారి నియమం. అర్ధమాత్ర తగ్గితే పుత్రోత్సవమంత సంబరపడే వైయాకరణుల సంతతి రియోలో కూడా ఉన్నదన్నమాట.

మొదటి రెండేళ్ళు లువా రియో దాటలేదు. 1994 జూలైలో 1.1 కూర్పును లోకానికి విడుదల చేసినప్పుడు, చదువులకు ఉచితం, వ్యాపారానికి మాతో మాట్లాడండి అన్నారు. ఎదురుగా టికిల్, పెర్ల్ వంటివి ఉచితంగా దొరుకుతుంటే ఎవరు మాట్లాడతారు? 1995 ఫిబ్రవరి నాటి 2.1 కూర్పుతో ఆ షరతు తీసివేశారు. 1996లో ఒక పరిశోధన పత్రిక వ్యాసం, ఆ సంవత్సరాంతంలో డాక్టర్ డాబ్స్ జర్నల్ అనే వృత్తి పత్రికలో ఇంకొక వ్యాసం వెలువడ్డాయి. రెండవదాన్ని చదివినవారిలో అమెరికాలో లూకాస్‌ఆర్ట్స్ అనే ఆటల సంస్థలో పనిచేసే బ్రెట్ మొగిలెఫ్‌స్కీ ఒకడు. ఆ సంస్థకు 1987 నుంచి స్కమ్ అనే స్వంత స్క్రిప్టు భాష ఉండేది. దాన్ని పక్కనబెట్టి అతడు లువాను తీసుకొన్నాడు. అట్లా వచ్చిన గ్రిమ్ ఫండాంగో 1998లో విడుదలైంది. కథ, సంభాషణ, పాత్రల ప్రవర్తన లువాలో. బొమ్మలు గీసే బరువు పని కంపైల్ చేసిన భాగంలో. అదే సంస్థ 2000లో తెచ్చిన ఇంకొక ఆటలో ఒక పానశాలకు లువా పేరు పెట్టి ఋణం తీర్చుకున్నారు. చమురు బావుల లెక్కలకోసం పుట్టిన భాష కథలు చెప్పే పనికి కుదరడం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది గానీ, రెండుచోట్లా అవసరం ఒకటే. విషయం తెలిసినవాడు వేరు, యంత్రం తెలిసినవాడు వేరు. మొదటివాడు రెండవవాడి గుమ్మంలో నిలబడి ప్రతిదానికీ దేహీ అనకూడదు.

తరువాతి విస్తరణ గబగబా చెప్పేస్తాను. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆట తన తెరలను ఆటగాళ్ళే మార్చుకొనేలా లువాను బయటపెట్టింది. 2007లో అడోబీ లైట్‌రూమ్ అనే ఛాయాచిత్రాల ప్రోగ్రాములో చాలా భాగం లువాలోనే వ్రాశారు. మన పిల్లలు ఆడుకునే రోబ్లాక్స్‌లో ఉన్నది లువా వంశపు భాషే. 2013 నుంచి వికీపీడియాలో కూడా ఉన్నది. తెలుగు వికీలో పనిచేసే మిత్రులు మాడ్యూళ్ళు అని పిలుచుకునేవి ఇవే.

ఇదంతా చదివి తలుపులు తెరవడమే మంచిదని ఎవరైనా అనుకుంటే, రెండవ ముఖం కూడా చూడాలి. ఆఫీసు ప్రోగ్రాములలో మాక్రోలనే పేరుతో ఇదే ఏర్పాటు ఉన్నది. మైక్రోసాఫ్ట్ ఎక్సెల్‌లోకి 1993లో విజువల్ బేసిక్ ప్రవేశించింది. లక్షలాది గుమాస్తాలు దానితో తమ పనిని తేలిక చేసుకున్నారు. కానీ 1995లో వర్డ్ పత్రాల వెంట తిరిగిన కాన్సెప్ట్, 1999లో ఈ-మెయిళ్ళను ముంచెత్తిన మెలిస్సా కూడా మాక్రోలే. ఉత్తరం అనుకొని తెరిస్తే అందులోనుంచి దొంగ దిగేవాడు. చివరికి 2022లో, అంతర్జాలం నుంచి వచ్చిన పత్రాలలోని మాక్రోలు వాటంతటవి నడవకుండా ఆ సంస్థ అడ్డుపెట్టింది. అక్కడ వచ్చిన తప్పు అతిథిని పిలవడంలో లేదు, ఇంటి తాళాలగుత్తి అంతా అతిథికి ఇవ్వడంలో ఉన్నది. వార్‌క్రాఫ్ట్ ఆటవాళ్ళు మొదటినుంచీ ఫైళ్ళ తాళం లువాకు ఇవ్వలేదు. ఆటగాళ్ళు లువాతో తమ తరఫున యంత్రమే యుద్ధం చేసేటట్లు ఏర్పాట్లు చేసుకోవడం చూసి, 2006 చివరలో యుద్ధానికి సంబంధించిన కొన్ని ప్రమేయాలను కూడా వెనక్కు తీసుకున్నారు. ఇంత తెరవాలి, ఇంత మూయాలి అనేది అరుగు దగ్గరే తేల్చుకోవలసిన లెక్క.

మూసిన ఇంటి బాధ ఎట్లాంటిదో నాకు అనుభవం. ఉద్యోగంలో ఉండగా మా ప్రాంతపు సేద్యగాళ్ళ నోట విన్న మాటలు సేకరించాను. మేడి, నొగ, కర్రు, గొర్రు, గుంటక, పలుపు, చిక్కం ఇట్లా సుమారు నాలుగు వేలు. ఒక్కొక్కదానికి అర్థం, విన్న ఊరు, చెప్పినవారి వయసు. తొంభైలలో వాటిని పట్టణంలోని అచ్చుకూటంలో డీటీపీ చేయించాను. యూనికోడ్ అప్పటికి మా ఊరికి రాలేదు. ఆ ప్రోగ్రాముకు తన సొంత ఖతి, తన సొంత సంకేతాలు. పుస్తకం అచ్చుకాలేదు, అచ్చుకూటం మూతపడింది, సీడీ ఒకటి నా చేతికి వచ్చింది. దాన్ని తెరిస్తే రోమను అక్షరాల చెత్తకుప్ప. ఆ ప్రోగ్రాము ఉంటే కాగితంమీద ముద్రిస్తుంది, అంతే. ఆ మాటలను వేరే రూపంలో ఇమ్మంటే ఇవ్వదు. ఇమ్మని చెప్పడానికి దానికి చెవి అనేదే పెట్టలేదు. చేసినవారికి రెండు ఉత్తరాలు వ్రాశాను. జవాబు లేదు. చెప్పినవారిలో చాలామంది అప్పటికే లేరు, మళ్ళీ వెళ్ళి అడగడానికి.

పూర్వ విద్యార్థి ఒకడు హైదరాబాదులో ఉద్యోగం. సెలవులకు వచ్చినప్పుడు ఆ సీడీ చూశాడు. అతని వద్ద సైట్ అనే చిన్న ఎడిటరు ఉన్నది. సీ ప్లస్ ప్లస్‌లో కట్టిన ఇల్లు, లోపల లువా అతిథి. అందులో నలభై పంక్తులు వ్రాసి, ఒక పట్టికను ఖాళీగా ఉంచి, "మాస్టారూ, ఎడమపక్క ఆ చెత్త గుర్తు, కుడిపక్క మన అక్షరం. మీరు నింపండి, మిగతాది అది చూసుకుంటుంది" అన్నాడు. పదిహేను రోజులు నింపాను. ఆ ఖతిలో మకారానికి ప్రత్యేక సంకేతం లేదు. వకారపు ముక్క పక్కన కొమ్ములాంటి గీత చేరిస్తే మకారం. క్రావడి గుర్తు హల్లుకు ముందే వస్తుంది, యూనికోడ్‌లో వెనుక రావాలి. ఐత్వం రెండు ముక్కలు. మొదట నడిపినప్పుడు మేడి కాస్తా వేరే ఆకారం ఎత్తింది. వకారపు సూత్రం ముందు తగిలి, మకారపు సూత్రానికి ముక్క మిగలకుండా చేస్తున్నది. పొడవైన గుర్తులను ముందు, పొట్టివాటిని తరువాత చూసేలా అతడు వరుస మార్చాడు. నాకు నవ్వు వచ్చింది. విశేష సూత్రం సామాన్య సూత్రాన్ని బాధిస్తుందని, ఉత్సర్గం కన్నా అపవాదం బలీయమని మా గురువుగారు ఎన్నడో చెప్పినదే ఇది. ఆ మాట అతనితో అంటే, "సార్, అది ముందే చెప్పి ఉంటే నాకు ఒక రాత్రి కలిసొచ్చేది" అన్నాడు. నాలుగు వేల మాటలూ బయటపడ్డాయి.

అప్పటినుంచి ఆ పట్టికను నేనే దిద్దుకుంటున్నాను. లువాకు తెలుగు తెలియదన్న సంగతి కూడా క్రమంగా తెలిసింది. "తెలుగు" అన్న మాట పొడవు ఎంత అని అడిగితే 18 అంటుంది. అది బైట్లు లెక్కిస్తుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో మన ఒక్కొక్క సంకేతానికి మూడు బైట్లు. 2015లో వచ్చిన 5.3 కూర్పులో చేర్చిన యూటీఎఫ్-8 సాధనాన్ని అడిగితే 6 అంటుంది: మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు. బడిపిల్లవాణ్ణి అడిగితే మూడు అంటాడు, అదే ఒప్పు. గణవిభజన చేయాలనుకునేవారు ఆ మూడింటి దగ్గరికి తమ సూత్రాలతో తామే నడవాలి. మంచి విషయం ఏమిటంటే లువా తనకు తెలియని బైట్లను పాడుచేయదు. తెలియని భాషలో ఉన్న ఉత్తరాన్ని విప్పకుండా చేర్చే తపాలా బంట్రోతు వంటిది.

తెలుగుకు అక్కడ ఒక అవమానమూ ఉన్నది, ఒక గౌరవమూ ఉన్నది. వస్తువుకు పేరుగా "మేడి" అని నేరుగా వ్రాస్తే లువా ఒప్పుకోదు, పేర్లు రోమను అక్షరాలలోనే ఉండాలి. కొటేషను గుర్తుల మధ్య పెట్టి పట్టికలో చేరిస్తే మాత్రం పూర్తి హక్కులు ఇస్తుంది. అన్నట్లు, కర్తలు పోర్చుగీసు మాట్లాడే బ్రెజిల్‌వారు అయినా ఆ 22 మాటలలో పోర్చుగీసు ఒక్కటీ లేదు. ఇఫ్, దెన్, ఎండ్ అన్నీ ఇంగ్లీషే. భాషను గురించి ఇయెరుసలిమ్‌స్కీ పుస్తకం కూడా 2003లో ఇంగ్లీషులోనే వచ్చింది, పోర్చుగీసు అనువాదం రావడానికి పదేళ్ళకు పైగా పట్టింది. దీన్ని నేను తప్పుపట్టను. ఆ మాటలు పోర్చుగీసులో ఉండి ఉంటే ఆ ఉత్తరం రియో దాటేది కాదేమో. అయినా చంద్రుడి పేరు ఒక్కటే సొంత భాషలో మిగిలిందన్న సంగతి చదివినప్పుడు కొంచెంసేపు పుస్తకం పక్కన పెట్టాను.

ఇప్పుడు నా పదాలను పుస్తకంగా కూర్చుకుంటున్నాను. డొనాల్డ్ నూత్ 1978లో తెచ్చిన టెక్ అనే ముద్రణ ప్రోగ్రాములోకి 2005 ప్రాంతంలో హాన్స్ హేగెన్, హార్ట్‌ముట్ హెంకెల్, టాకో హూక్‌వాటర్ లువాను పొదిగే పని మొదలుపెట్టారు. పేరు లువాటెక్. 1.0 కూర్పు 2016లో వచ్చింది. పుట వేసే యంత్రం లోపలి గదులను కూడా అది లువాకు చూపిస్తుంది. 2020 నుంచి దానికి హార్ఫ్‌బజ్ జతపడిన కూర్పు టెక్ లైవ్‌లో దొరుకుతున్నది, దానితో వత్తులూ గుణింతాలూ చక్కగా కుదురుతాయి.

మిగిలినది అకారాది క్రమం. యూనికోడ్ వరుసను నమ్ముకుంటే సున్న అచ్చులకన్నా ముందుకు వస్తుంది, ళకారం వకారాన్ని దాటుకొని పోతుంది, ఱకారం రేఫ పక్కనే కూర్చుంటుంది. మన క్రమం వేరని చెప్పడానికి లువా వరుసపెట్టే సాధనం మన పోలిక సూత్రాన్ని స్వీకరిస్తుంది. అచ్చుల నుంచి హకారం వరకు పట్టిక పూర్తయింది. ళకారం, క్షకారం నిన్న చేర్చాను. ఱకారం మాటలు నూట పన్నెండు ఉన్నాయి. పూర్వం బండి ఱ ఉండి ఇప్పుడు రేఫతోనే పలికే మాటలను ఏ వరుసలో పెట్టాలన్నది ఇంకా నిర్ణయించుకోలేదు. తెలిసిన మిత్రులు ఎవరైనా తమ అభిప్రాయం వ్రాస్తే సంతోషిస్తాను.